గీత గీయకముందే జరిగే నిర్ణయాలు

చిరంజీవి అమ్మాయికి,

మావయ్య ఆశీస్సులు. బోరు మోటార్ల స్టార్టర్లు తయారుచేసే సంస్థలో డిజైన్ విభాగం బాధ్యతలు తీసుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. ముందుగా ఏ మోడల్‌ను మెరుగుపరచాలని అడిగావు. మోడళ్ల జోలికి వెళ్లకముందు అక్కడ పని జరిగే తీరును గమనించమని నా సలహా. రివ్యూకు ఎవరిని పిలుస్తారు, డ్రాయింగును ఏ దశలో ఖరారు చేస్తారు, చిన్న మార్పుకైనా ఎన్ని సంతకాలు కావాలి అన్న ఆనవాయితీలే డిజైనర్ గీత గీయకముందే వస్తువు రూపాన్ని చాలావరకు నిర్ణయిస్తాయి.

నేను పనిచేసిన ఒక చోట స్టార్టర్ డబ్బా మూతకు కింది స్క్రూ సరిగ్గా కేబుల్ వెనక ఉండేది. లోపల ఉండే రిలే అనే భాగం మార్చాలంటే మెకానిక్ ముందు కేబుల్ ఊడదీయాలి. డిజైనర్లు చేతకానివారేమీ కారు. రివ్యూలో కొనుగోలు, ఉత్పత్తి విభాగాలవారు కూర్చునేవారు గాని సర్వీసు వారిని పిలిచే అలవాటు లేదు. ఫిర్యాదులు నెలాఖరున ‘రిలే మార్పు, ఇన్ని’ అన్న అంకెగా మాత్రమే డిజైన్ బల్ల మీదికి చేరేవి. పొలం గట్టు మీద ఆ మార్పుకు ఎంతసేపు పడుతోందో ఆ అంకె చెప్పదు. డ్రాయింగు ఖరారు కాకముందే తొలి శాంపిల్‌ను ఒక మెకానిక్ ముందుంచి, అతని స్క్రూడ్రైవర్‌తోనే విప్పించడం మొదలయ్యాక, తర్వాతి మోడల్‌లో ఆ స్క్రూ చోటు మారింది.

రాతలో ఉన్న పద్ధతి వేరు, నడుస్తున్న పద్ధతి వేరు. అందుకని డ్రాయింగులో మార్పు కోరుతూ రాసే కాగితం, అంటే చేంజ్ నోట్‌ను ఒక్కదాన్ని ఎంచుకుని, అది పుట్టిన బల్ల నుంచి తయారీ లైన్‌కు చేరేదాకా దాని వెంటే నడువు. సంతకాలకు వారాలు పడుతుంటే లైన్ మీది మనుషులు ఆగరు. ఒక వాషర్ వేసి బిగించి పని కానిస్తారు. ఆ వాషర్ డ్రాయింగులోకి ఎక్కదు. కొత్త మోడల్‌కు పాత డ్రాయింగునే ఆధారం చేసుకుంటారు కాబట్టి పాత తప్పు మళ్లీ కొత్తగా పుడుతుంది. అప్పుడు డిజైనర్‌ను మందలించి ప్రయోజనం లేదు. ఆ సంతకాల వరుసను కుదించాలి.

టయోటాలో చీఫ్ ఇంజనీర్ బాధ్యత మొత్తం కారుది, అయినా వివిధ విభాగాల ఇంజనీర్లు ఆయన కింద పనిచేసే ఉద్యోగులు కారు. అందరినీ ఒప్పించి మాత్రమే ఆయన పని నడపాలి. 1997 డిసెంబరులో జపాన్ మార్కెట్లోకి వచ్చిన ప్రియస్ అనే హైబ్రిడ్ కారుకు ఆ బాధ్యత వహించిన తకేషి ఉచియమదా, ఒక్కొక్క విభాగం చుట్టూ తిరిగే బదులు వారందరినీ ఒకే పెద్ద గదిలోకి చేర్చి, అక్కడే చర్చించి నిర్ణయించే ఏర్పాటు చేశారు. హైబ్రిడ్ కారులో ఇంజను, మోటారు, బ్యాటరీ ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయి గనుక విడివిడి చర్చలతో ఆ పని తెమిలేది కాదు. గది పెట్టగానే అంతా అయిపోతుందని మాత్రం అనుకోకు. నిర్ణయించే అధికారం ఉన్నవారు అందులో కూర్చోవాలి.

పద్ధతి మనుషుల కళ్లు మూయగలదు కూడా. అమెరికా అంతరిక్ష నౌక చాలెంజర్ ప్రమాదానికి ముందరి ప్రయోగాల్లోనే, నౌకను పైకి లేపే బూస్టర్ రాకెట్ల కీళ్లను మూసే రబ్బరు రింగులు దెబ్బతినడం కనిపించింది, కానీ ప్రతిసారీ రివ్యూలో దాన్ని ‘భరించదగిన ప్రమాదం’గా రాసుకుని ముందుకు సాగారు. 1986 జనవరి 27 రాత్రి, చలికి ఆ రింగులు సరిగా పనిచేయవని, సుమారు 12 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉష్ణోగ్రతలో ప్రయోగించవద్దని బూస్టర్ల తయారీ సంస్థ ఇంజనీర్లు వాదించినా, యాజమాన్యం చివరికి సరేనంది. మరునాడు ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. మీ రివ్యూలో ఒకే లోపాన్ని రెండోసారి ‘పర్వాలేదు’ అని రాస్తుంటే, ఏ పరీక్ష ఆధారంగా అలా అంటున్నారో అడగకుండా సంతకం పెట్టకమ్మా.

ఫిర్యాదు వచ్చినప్పుడల్లా చెక్‌లిస్టుకు ఒక గడి చేర్చకు. గడులు పెరిగేకొద్దీ జనం చూడకుండానే టిక్కు కొడతారు. అలాగని పాత పద్ధతిని వెళ్లగానే తీసేయనూ వద్దు. అర్థం లేనిదిగా కనిపించే గడి వెనక ఎప్పుడో కాలిపోయిన కాయిల్ కథ ఉండవచ్చు, పాత ఫోర్‌మన్‌ను అడిగి తెలుసుకో.

మొదట ఆ ఒక్క చేంజ్ నోట్ సంగతి చూడు. అది ఏ బల్ల మీద ఎన్ని రోజులు ఆగిందో రాసి పంపు, దేన్ని ముందు మార్చాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.

ఇట్లు,
మీ మావయ్య