హైబ్రిడ్ టమాటా గింజ దాచి వేస్తే మొక్కలు రకరకాలుగా ఎందుకొచ్చాయి?

ప్రశ్న: పోయిన పంటలో వేసిన హైబ్రిడ్ టమాటా బాగా కాసింది. మొక్కలన్నీ ఒకేలా తీగలా పెరిగాయి, కాయలు గుండ్రంగా ఉన్నాయి, ఆకుముడత దాదాపు కనిపించలేదు. వాటిలో మంచి మొక్కల నుంచి గింజ తీసి ఈసారి 240 మొక్కలు నాటాను. 63 మొక్కలు పొట్టిగా గుబురుగా ఆగిపోయాయి. కొన్నింటికి కోలకాయలు వచ్చాయి. పొట్టిగా ఉండి కోలకాయలు కాసినవి 13. ఆకుముడత కొన్నింటికి బాగా ఉంది, వాటి పక్కనే ఉన్నవాటికి లేదు. నాకు అమ్మిన విత్తనమే కల్తీదా? పొట్టి మొక్క, కోలకాయ, ఆకుముడతను తట్టుకునే గుణం మూడూ కలిసిన సొంత రకం తయారు చేసుకోవచ్చా? నీళ్లు తగ్గించి పెంచుతూ పోతే నాలుగైదు పంటలకు గింజ బెట్టకు అలవాటు పడుతుందని అంటున్నారు, నిజమేనా?

జవాబు: విత్తనం కల్తీది కాదు. ఆ మాట చెప్పడానికి ప్రయోగశాల అక్కర్లేదు, మీరు లెక్కబెట్టిన 63, 13 అనే రెండు అంకెలు చాలు.

కల్తీ ఉంటే పోయిన పంటలోనే బయటపడేది. హైబ్రిడ్ మొదటి తరం మొక్కలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండాలి. మధ్యలో అక్కడక్కడా కేళీలు (వేరేగా కనిపించే మొక్కలు) కనిపిస్తే అవి చాలావరకు తల్లి రకం మొక్కలే. టమాటాలో హైబ్రిడ్ విత్తనాన్ని చేత్తో తయారు చేస్తారు. పువ్వు విచ్చకముందే తల్లి మొక్క పువ్వులోని కేసరాలు తీసేసి, తండ్రి పుప్పొడి అద్దుతారు. కేసరాలు తీయడం ఆలస్యమైతే ఆ పువ్వు సొంత పుప్పొడితోనే గింజ కడుతుంది. అలా వచ్చిన కేళీలన్నీ ఒకదానికొకటి పోలి ఉంటాయి. మీ చేలో జరిగింది వేరు. మొదటి తరం ఏకరీతిగా వచ్చింది, దాని గింజ నుంచి వచ్చిన రెండో తరం విడిపోయింది. అసలైన హైబ్రిడ్ అయితే అలా విడిపోవాల్సిందే.

ఎలా విడిపోతుందో చూడండి. టమాటా కణంలో 24 క్రోమోజోములు, అంటే 12 జతలు ఉంటాయి. ప్రతి జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. కాబట్టి ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు ఉంటాయి. పుప్పొడి రేణువులోకైనా, అండంలోకైనా వాటిలో ఒక్కటే వెళ్తుంది, ఏది వెళ్లేదీ బొమ్మా బొరుసే. మీ హైబ్రిడ్ తల్లిదండ్రుల్లో ఒకటి తీగ రకం, ఒకటి పొట్టి రకం. పొట్టితనం అంతర్గత లక్షణం, రెండు ప్రతులూ పొట్టివైతేనే అది పైకి కనిపిస్తుంది. హైబ్రిడ్‌లో ఒకటి తీగది, ఒకటి పొట్టిది ఉండటంతో మొక్కలన్నీ తీగలా పెరిగాయి. పొట్టి ప్రతి లోపలే దాగి ఉంది. ఆ మొక్క తన పుప్పొడితో తానే గింజ కట్టినప్పుడు రెండు పొట్టి ప్రతులూ ఒకే గింజలో కలిసే అవకాశం నాలుగింట ఒకటి. 240లో నాలుగో వంతు 60. మీకు వచ్చినవి 63.

ఆ మూడు మొక్కల తేడా గురించి కంగారు అక్కర్లేదు. వారసత్వ సూత్రాలు కనిపెట్టిన మెండెల్ 1866లో అచ్చువేసిన బఠాణీ లెక్కల్లో రెండో తరం 1064 మొక్కలకు 787 పొడుగువి, 277 పొట్టివి. అది 2.84కి 1, నికరంగా 3కి 1 కాదు. ఎంత తేడా వరకు పట్టించుకోనక్కర్లేదో తేల్చడానికి ఒక చిన్న లెక్క ఉంది. వచ్చిన సంఖ్యకూ రావలసిన సంఖ్యకూ ఉన్న తేడాను దానితో దాన్నే గుణించి, రావలసిన సంఖ్యతో భాగించండి. రెండు రకాలకూ ఇలా చేసి కలపండి. మీ లెక్కలో పొట్టివాటికి 9ని 60తో, తీగవాటికి 9ని 180తో భాగిస్తే మొత్తం 0.2 వస్తుంది. రెండు రకాలుగా విడిపోయినప్పుడు ఈ మొత్తం 3.84 దాటనంతవరకు తేడా కేవలం యాదృచ్ఛికమే అనుకోవచ్చు.

కోలకాయదీ ఇదే కథ, అదీ అంతర్గత లక్షణమే. కాయ ఆకారాన్ని కోలగా మార్చే ముఖ్య జన్యువు 2వ క్రోమోజోము మీద, మొక్కను పొట్టిగా ఆపే జన్యువు 6వ క్రోమోజోము మీద ఉంటాయి. వేర్వేరు క్రోమోజోములు కాబట్టి ఒకదాని పంపకం ఇంకోదానికి పట్టదు. రెండూ కలిసి కనిపించే అవకాశం 4ను 4తో గుణిస్తే వచ్చే 16లో ఒకటి. 240లో 15 రావాలి, మీకు 13 వచ్చాయి.

ఈ 13 మొక్కలకు ఇప్పుడే గుడ్డపీలిక కట్టి, 1 నుంచి 13 వరకు అంకెలు వేయండి. పొట్టితనం, కోలకాయ రెండూ అంతర్గత లక్షణాలు కాబట్టి ఇవి పైకి కనిపిస్తున్నాయంటే లోపల రెండు ప్రతులూ అవే. ఈ రెండు గుణాల వరకు మీ రకం ఇవాళే స్థిరపడింది, ఇంకో తరం ఆగనక్కర్లేదు. (కోల ఎంత సాగుతుందన్నది ఇంకొన్ని జన్యువుల చేతిలో ఉంటుంది. అందుకే 13 మొక్కల కాయలూ ఒకే పొడవు ఉండవు.) చాలామంది కొట్టొచ్చినట్టు కనిపించే బహిర్గత లక్షణాన్ని (ఒక్క ప్రతి ఉన్నా పైకి కనిపించేదాన్ని) సులువుగా నిలబెట్టొచ్చనుకుంటారు. పనిలోకి దిగితే తిరగబడుతుంది. అంతర్గత లక్షణం కనిపించిన రోజే స్థిరం, బహిర్గత లక్షణమే లోపల ఏం దాచుకుందో చెప్పదు.

ఆకుముడత దగ్గర చిక్కు అదే. తట్టుకునే గుణాన్నిచ్చే జన్యువుల్లో బాగా వాడుకలో ఉన్నవి అడవి టమాటాల నుంచి తెచ్చినవి, ఎక్కువగా బహిర్గతంగానే పనిచేస్తాయి. ఒకే జన్యువు అనుకుంటే నాలుగింట మూడు మొక్కలు తట్టుకుంటాయి. కానీ ఆ మూడింటిలో ఒక్కటే స్వచ్ఛమైనది. మిగతా రెండూ ఒకే ప్రతితో నెట్టుకొస్తున్నవి, వాటి గింజలు మళ్లీ విడిపోతాయి. కంటితో చూసి వీటిని వేరు చేయలేం, గింజ వేసి చూడాల్సిందే.

పైగా తట్టుకునేవిగా కనిపిస్తున్నవన్నీ అలాంటివి కాకపోవచ్చు. ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చే తెల్లదోమ వాలని మొక్క కూడా ఆరోగ్యంగానే ఉంటుంది. అందుకని 13 మొక్కల గింజనూ విడివిడిగా తీసి, ఒక్కో మొక్క నుంచి కనీసం 16 నార్లు పెంచి, విడి సాళ్లలో నాటండి. ప్రతి నాలుగైదు సాళ్లకు ఒక సాలు ఆకుముడత తప్పక తగిలే రకం వేయండి. ఈ సాళ్లకు తెల్లదోమ మందు కొట్టకండి, వల కప్పకండి, అసలు పంటకు దూరంగా పెట్టండి. తగిలే రకం సాళ్లన్నీ ముడుచుకుపోయిన తర్వాతే మిగతావాటిని లెక్కించండి. అవి ముడుచుకోకపోతే ఆ పరీక్షకు విలువ లేదు. తల్లి మొక్కలో ఒక్క ప్రతే ఉంటే 16 మొక్కల్లో సగటున 4 ముడుచుకోవాలి, ఒక్కటీ ముడుచుకోకపోయే అవకాశం నూటికి ఒకటి. కాబట్టి 16కు 16 నిలిచిన సాలు తల్లి స్వచ్ఛమైనదని నమ్మవచ్చు.

ఇంకో మెలిక ఉంది. ఆకుముడతను తట్టుకునే ఒక ముఖ్య జన్యువు కూడా 6వ క్రోమోజోము మీదే ఉంటుంది, వేరు బుడిపె నులిపురుగును తట్టుకునేది కూడా. ఒకే క్రోమోజోము మీద దగ్గరగా ఉన్న జన్యువులు కలిసి ప్రయాణిస్తాయి. మీ హైబ్రిడ్‌లో తట్టుకునే గుణం పొట్టి రకం వైపు నుంచి వచ్చి ఉంటే మీ 13లో స్వచ్ఛమైనవి లెక్కకన్నా ఎక్కువే దొరుకుతాయి. తీగ రకం వైపు నుంచి వచ్చి ఉంటే తక్కువ, ఒక్కటీ లేకపోవచ్చు కూడా. అలా జరిగితే నిరాశపడి అన్నీ పీకేయకండి. ఆకుముడత తగలని తీగ మొక్కల్లో కోలకాయ కాస్తున్నవి ఉంటాయి. తీగ మొక్కల్లో మూడింట రెండు పొట్టి ప్రతిని లోపల దాచుకున్నవే, వాటి గింజలో పొట్టివి మళ్లీ వస్తాయి. అలాంటివి పది వరకు గుర్తుపెట్టి వాటి గింజ కూడా దాచండి.

ఎన్ని మొక్కలు వేయాలన్నది కోరుకునే గుణాలను బట్టి ఉంటుంది. నాలుగింట ఒకటిగా వచ్చే గుణం ఒక మొక్కలోనైనా కనిపించాలంటే, నూటికి 95 పాళ్ల నమ్మకానికి 11 మొక్కలు చాలు. అలాంటివి రెండు కలిసి కావాలంటే 47, మూడు కావాలంటే 191. ఇరవై మొక్కలు వేసి మూడు గుణాలూ కలిసిన మొక్క కోసం వెతికేవారికి అది ఎందుకు దొరకదో దీన్నిబట్టి తెలుస్తుంది.

దిగుబడి, కాయ బరువు మాత్రం ఈ లెక్కలకు లొంగవు. వాటిని కొంచెం కొంచెం ప్రభావం చూపే జన్యువులు చాలా కలిసి నడుపుతాయి, వాటిపైన నేల, నీరు, ఎరువు, ఎడం కూడా పనిచేస్తాయి. గట్టు పక్క మొక్కకు వెలుతురూ చోటూ ఎక్కువ కాబట్టి బాగా కాస్తుంది, ఆ గొప్పతనం గింజలోకి పోదు. అందుకే చివరి సాళ్ల నుంచి, ఖాళీ పక్కన ఉన్న మొక్కల నుంచి గింజ తీయకండి. చేను మొత్తంలో బాగున్నవి ఏరకుండా, చేనును చిన్న మళ్లుగా గీసుకుని ఒక్కో మడిలో బాగున్న ఒకటో రెండో మొక్కలు ఎంచుకోండి. అప్పుడు సారవంతమైన మూల మిమ్మల్ని మోసం చేయదు. దిగుబడి కోసం రెండో తరంలో ఒంటరి మొక్కను చూసి తీర్పు చెప్పడం తొందరపాటు. నాలుగో తరం నుంచి సాలుకు సాలు పోల్చి చూడండి.

ఇక బెట్టకు అలవాటు పడటం సంగతి. నీళ్లు తగ్గిస్తే ఆ మొక్క వేర్లు లోతుకు పోవచ్చు, ఆకు చిన్నది కావచ్చు, కానీ అది ఆ మొక్క బతుకుతెరువు మాత్రమే. మొక్క పడ్డ కష్టం చూసి జన్యువు తనను తాను సరిదిద్దుకుని గింజలో కూర్చోదు. డెన్మార్క్ శాస్త్రవేత్త యోహాన్‌సెన్ 1903లో చిక్కుడు జాతి గింజలతో దీన్ని తేటతెల్లం చేశాడు. ఒకే గింజ సంతానంగా, స్వపరాగ సంపర్కంతో (తన పుప్పొడితో తానే గింజ కట్టి) వచ్చిన స్వచ్ఛమైన వరుసలో పెద్ద గింజలు ఏరి వేసినా, చిన్న గింజలు ఏరి వేసినా వచ్చే పంట గింజల సగటు బరువు ఒక్కటే. ఆ వరుసలో గింజల మధ్య తేడా నేల ఇచ్చినదే, జన్యువు ఇచ్చినది కాదు. ఏరడానికి లోపల తేడా లేకపోతే ఏరికకు ఫలితం ఉండదు.

అయినా ‘అలవాటు పడింది’ అనే అనుభవం పూర్తిగా వట్టిది కాదు, దాని కారణం వేరు. మీ రెండో తరం లాంటి విడిపోయే పంటలో కొన్ని మొక్కలకు పుట్టుకతోనే బెట్టను కాస్త ఎక్కువ తట్టుకునే జన్యువులు ఉంటాయి. నీళ్లు తగ్గిస్తే అవే నిలుస్తాయి, వాటి గింజే మీ చేతికొస్తుంది. నాలుగు పంటలకు చేను మారినట్టు కనిపిస్తుంది. మారింది మొక్క కాదు, మొక్కల మధ్య వాటాలు. పరిణామం అంటే ఇదే. ఒకే మందు పదే పదే కొడితే తెల్లదోమ లొంగకుండా పోయేదీ ఇలాగే. మందు దోమకు పాఠం చెప్పదు, ముందే తట్టుకోగలిగిన పిడికెడు దోమలను వదిలేసి మిగతావాటిని తుడిచేస్తుంది. కాబట్టి బెట్టను తట్టుకునే మొక్క కావాలంటే నీళ్లు తగ్గించాల్సింది ఈ తరంలో, మూడో తరంలో. రకం స్వచ్ఛమైపోయాక ఎంత ఎండబెట్టినా పనికిరాదు.

స్వచ్ఛం కావడానికి ఎంతకాలం? స్వపరాగ సంపర్కంలో జత కుదరని (రెండు ప్రతులూ వేర్వేరైన) జన్యువులు తరం తరానికీ సగమవుతాయి. రెండో తరంలో నూటికి 50, మూడో తరంలో 25, నాలుగో తరంలో 12.5, అయిదో తరంలో 6.25, ఆరో తరంలో 3 పైచిలుకు, ఏడో తరంలో 1.6. ఆరు, ఏడు తరాలకు సాలంతా ఒకేలా కనిపిస్తుంది. అక్కడి నుంచి మంచి సాలు గింజను కలిపేసుకోవచ్చు. ప్రతి తరంలో ఒక్కో సాలుకు 20 మొక్కలు, ముందు మంచి సాళ్లు, ఆ సాళ్లలో మంచి మొక్కలు, ఈ వరుస తప్పకండి.

టమాటా మీకు సాయం చేసే పంట. సాగు రకాల్లో కీలాగ్రం (పువ్వులో పుప్పొడి పడే ఆడ భాగం కొన) కేసరాల గొట్టం లోపలే ఉంటుంది కాబట్టి బయటి పుప్పొడి పడటం తక్కువ. అడవి టమాటాల్లో అది బయటికి పొడుచుకొస్తుంది. మనిషి సాగు చేస్తూ వచ్చిన క్రమంలో లోపలికి పోయిన గుణం అది. అయినా తీవ్రమైన ఎండల్లో కొన్ని రకాల్లో కీలాగ్రం బయటికి సాగుతుంది. అందుకని ఇతర టమాటాకు 50 మీటర్ల ఎడం ఉంచండి, లేదా ఎంచుకున్న మొక్కల మొగ్గల గుత్తికి విచ్చకముందే పలుచని గుడ్డ సంచి కట్టి, పూత మీద రోజూ మెల్లగా తట్టండి, పిందె పడగానే సంచి తీసి గుత్తికి దారం కట్టండి. మొక్కజొన్నతో ఇదే పని చేయబోకండి. అది పరపరాగ సంపర్క పంట (వేరే మొక్క పుప్పొడితో గింజ కట్టేది), సొంత పుప్పొడితోనే గింజ కట్టిస్తే తరం తరానికీ బలహీనపడుతుంది. పొద్దుతిరుగుడు హైబ్రిడ్ గింజ దాచితే కొన్ని మొక్కలకు పుప్పొడే రాకపోవచ్చు.

గింజ తీసేటప్పుడు పూర్తిగా పండిన కాయలు కోసి, గుజ్జు నీళ్లు కలపకుండా గిన్నెలో ఒకటి రెండు రోజులు పులియబెట్టండి. జిగురు విడిపోగానే కడగండి, ఇంకా ఉంచితే గింజ మొలకెత్తుతుంది. తేలినవి పారేసి, మునిగినవి గుడ్డ మీద నీడలో ఆరబెట్టండి. మొజాయిక్ వైరస్ గింజ పైపొర మీద అంటుకుని వస్తుంది. అది వారసత్వం కాదు, మురికి లాంటిది. 10 శాతం ట్రైసోడియం ఫాస్ఫేట్ ద్రావణంలో 15 నిమిషాలు ఉంచి పారే నీటిలో బాగా కడిగితే చాలావరకు పోతుంది.

ఎంచుకున్న మొక్కల గింజ ఎలాగూ వేస్తారు కాబట్టి, 240 మొక్కల నుంచీ తలా ఒక కాయ గింజ కలిపి, బాగా ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో విడిగా దాచండి. మూడో తరంలో ఏరిక తప్పిపోతే, ఏరకుండా వదిలేసిన తేడాలన్నీ ఆ డబ్బాలోనే ఉంటాయి.