ఓట్ల పట్టిక చదవబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పర్లాకిమిడి నుంచి మీ పెదనాన్న దీవించి వ్రాయునది.

బరంపురంలో మీ హాస్టలు పిల్లలు, గ్రామస్థుల్లో దాగి రాత్రికొకరిని తీసేసే మాఫియాను పగలు ఓట్లతో బయటికి పంపే మాఫియా ఆటల పోటీ పెట్టుకున్నారనీ, ప్రతి పగలూ ఓట్లను విశ్లేషించి ఎవరిని అనుమానించాలో చెప్పే పని నువ్వు మీద వేసుకున్నావనీ మీ నాన్న చెప్పాడు. గర్వపడ్డాను. నువ్వు చెబితే పదిమందీ తల ఊపుతారు. నా భయం కూడా అదే.

ఎవరు ఎవరికి ఓటు వేశారన్నదే కాక ఏ వరుసలో వేశారో, ఎవరు మార్చుకున్నారో కూడా రాసుకో. ఫోనులో ఇలాంటిదే అయిన అమాంగ్ అస్ ఆట ఆడితే, ఓటు ఎవరిదో కనిపించకుండా దాచే సెట్టింగు ఒకటుంది. అది పెట్టి ఉందేమో ముందే చూడు.

1986 ప్రాంతంలో మాస్కోలో దిమిత్రీ దవీదోవ్ రూపొందించిన నాటి నుంచీ ఈ ఆట ప్రాణమంతా ఒక్క అసమానతలో ఉంది: నిజం తెలిసిన కొద్దిమంది ఒకవైపు, ఏమీ తెలియని ఎక్కువమంది మరొకవైపు. గ్రామస్థులది ఊహించి వేసే ఓటు, మాఫియాది తెలిసి వేసే ఓటు. అందువల్ల ఒకరి పాత్ర బయటపడిన ప్రతిసారీ పాత పట్టికను మొదటి నుంచి మళ్లీ చదవాలి.

ఇది చేయకపోతే ఏమవుతుందో చెబుతాను. కొన్నేళ్ల కిందట దసరా సెలవుల్లో మన వీధి పిల్లలు ఏడుగురు మన అరుగు మీద ఆడారు. ఆట నడిపించేవాణ్ణి గనుక ఎవరి పాత్ర ఏమిటో రాసిన చీటీలన్నీ నాకు తెలుసు, నోరు విప్పడానికి మాత్రం వీల్లేదు. ఇద్దరు మాఫియా. మొదటి పగలు వారిలో ఒకడి మీద రెండు ఓట్లు పడగానే, రెండోవాడు కారణమేమీ చెప్పకుండా ఒక అమాయకుడి మీద ఓటు వేశాడు. ఆపదలో ఉన్నవాడూ అటే వేశాడు, ఒక గ్రామస్థుడు వారిని అనుసరించాడు. ఆ అమాయకుడు తన ఓటును మాఫియావాడి మీదే వేయడంతో మూడుకు మూడు అయింది. మిగిలిన ఒక్క ఓటు ఒడియా ఇంటి పిల్లది. ఆమె చాలాసేపు ఆలోచించి అమాయకుడి మీదే వేసింది. అతడు గ్రామస్థుడని తేలింది. ఆ రాత్రి మాఫియా మరొక గ్రామస్థుణ్ణి తీసేసింది.

రెండో పగటికి మిగిలిన ఐదుగురిలో ఇద్దరు మాఫియా. ఈ ఘట్టాన్ని కంఠతా పెట్టుకో: ఇక్కడ ఒక్క అమాయకుణ్ణి పంపితే ఇద్దరికి ఇద్దరవుతారు, ఆట మాఫియాదే. అయినా ఎవరూ పట్టిక తిరగేయలేదు. ఆఖరి ఓటు నీదే కదా అంటూ అందరూ ఆ పిల్లను నిలదీశారు. ఆమెకు తెలుగు బాగానే అర్థమవుతుంది గాని, నలుగురూ ఒక్కసారిగా అడిగేసరికి మాట తడబడింది. ఆ తడబాటే సాక్ష్యమన్నాడు, ముందు పగలు కారణం లేకుండా ఓటు వేసినవాడు. ముగ్గురు చేతులెత్తారు, ఆట ముగిసింది. మర్నాడు ఎంత పిలిచినా ఆ పిల్ల ఆడటానికి రాలేదు. ఆ సంగతి తలచుకుంటే నాకిప్పటికీ కష్టంగా ఉంటుంది.

ఆఖరి ఓటు మాఫియాది కాదని నేననను, కానీ అది అందరి కంటా పడుతుంది గనుక మిగతావి మరుగున పడతాయి. ఒకరి మీద ఓట్లు పడటం మొదలవగానే రెండో దారి తెరిచినవారెవరో, దానికి వారు చెప్పిన కారణమేమిటో ముందు అడుగు. రాత్రి పోయిన మనిషి పగలు ఎవరి మీద ఓటు వేశాడో కూడా చూడు. అయితే మాఫియా కావాలనే తప్పుదోవ పట్టించవచ్చు గనుక దానికి రెండో స్థానమే ఇవ్వు. మాఫియావాడు దొరికినప్పుడు అతని మీద ఓటు వేసినవారందరూ నిర్దోషులని తేల్చేయకు. ఫలితం తేలకముందు పడిన ఓటుకు విలువ ఎక్కువ. అతడు ఎలాగూ పోతాడని తెలిశాక వచ్చి చేరిన ఓటు, తోటివాడు తన మంచిపేరు కోసం వేసినది కావచ్చు.

నీ నోరు వేగమైనది, చిన్నప్పుడు మీ తాతగారినే వాదించి ఒప్పించేదానివి. ఆ వేగంతో మాట రానివారిని అణచివేశావని వింటే మాత్రం నేను సహించను. అక్కడ ఆట ఒడియాలో నడుస్తుంది, నీ ఒడియా ఇంకా తడుముకుంటూనే ఉంది గనుక రేపు నిలదీసేది నిన్నే కావచ్చు. బెదరకు తల్లీ. నీ కారణాన్ని తెలుగులో పూర్తిగా చెప్పి, పక్కనున్నవారిని ఒడియాలో చెప్పమను. బరంపురంలో రెండూ వచ్చినవారికి కొదవ లేదు.

మొదటి ఆట పట్టికను పాత్రలు రాయకుండా ఫోటో తీసి పంపు. నా అనుమానం ఎవరి మీదో నేను రాశాకనే అసలు సంగతి చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న