ఉగాండాలో ఉన్న మా స్పాన్సర్ పాపను చూడటానికి చర్చి ట్రిప్పులో వెళ్లాలా, ఆ డబ్బు పంపేయాలా?

సిస్టర్, వందనాలు. మీ చర్చివాళ్లు తొమ్మిది రోజుల ట్రిప్పుకు ఉగాండా వెళ్తున్నారు, మనిషికి 3,400 డాలర్లు అవుతుంది, నెలనెలా మీరు డబ్బు కట్టే పాపను కళ్లారా చూడాలనుంది, కానీ మీవారు ఆ డబ్బేదో అక్కడికే పంపితే నయం కదా అంటున్నారు. ఇదీ మీ ప్రశ్న. నేను ఒకప్పుడు స్పాన్సర్ పిల్లాణ్ణి, ఇప్పుడు స్పాన్సర్‌ని. అందుకే రాయకుండా ఉండలేకపోయాను.

మాది చినగంజాం దగ్గర. అప్పుడు ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల. ఐదో తరగతి నుంచి ఒక మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్నాను. నాకు కట్టినావిడ అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఉండే ఒక పెద్దావిడ. ఒక్కసారి కూడా రాలేదు. కానీ ఏడాదికి మూడు నాలుగు ఉత్తరాలు రాసేవారు. ఒకసారి తన ఇంటి ముందు మంచులో నిలబడి దిగిన ఫొటో పంపారు. అది చూసి నేను వాళ్లకీ మాలాగే ఉప్పు కొఠార్లు ఉన్నాయనుకున్నాను. అదే రాశాను కూడా. ఆవిడ తర్వాతి ఉత్తరంలో ఉప్పెలా పండుతుందో చెప్పమని అడిగారు. మా నాన్న చేసే పని గురించి ఒక పెద్దమనిషి నన్ను అడగడం అదే మొదటిసారి. మడి కట్టడం దగ్గర్నుంచి గుట్ట పోయడం దాకా రెండు పేజీలు రాసిచ్చాను. ఆ రోజు నాకెంత గర్వంగా అనిపించిందో ఇప్పటికీ గుర్తే.

హాస్టల్లో నా పక్కన చాప వేసుకునేవాడి స్పాన్సర్లు మాత్రం స్వయంగా వచ్చారు. వాళ్ల కోసం రెండు వారాలు మధ్యాహ్నం క్లాసులు ఆపి మాకు వెల్‌కమ్ పాట నేర్పించారు. దండలు వేశాం, యాక్షన్ సాంగ్ చేశాం. వాళ్లు మంచివాళ్లే. వాణ్ణి ఎత్తుకుని ఏడ్చారు, టోపీ ఇచ్చారు, మళ్లీ ఏడాది తప్పకుండా వస్తామన్నారు. పూట గడవకముందే జీపెక్కి వెళ్లిపోయారు. ఆ తర్వాత రాలేదు, ఒక్క ఉత్తరం ముక్క కూడా రాయలేదు. మరుసటి ఏడాదంతా రోడ్డు మీద జీపు చప్పుడైతే చాలు, వాడు తింటున్న కంచం వదిలేసి గేటు దగ్గరికి పరిగెత్తేవాడు. మీ ప్రశ్న చదవగానే నాకు మొదట గుర్తొచ్చింది వాడే.

డాలస్ వచ్చి ఉద్యోగంలో కుదురుకున్నాక మన వైపు పిల్లల్లో ఒకరికి కట్టాలనుకున్నాను. అప్పటికి విదేశీ నిధుల మీద కేంద్రం ముందస్తు అనుమతి నిబంధన పెట్టడంతో పేద పిల్లలకు స్పాన్సర్లను కుదిర్చే కంపాషన్ ఇంటర్నేషనల్ అనే క్రైస్తవ సంస్థ 2017 మార్చిలో మన దేశంలో పని ఆపేసింది. లక్షకు పైగా పిల్లలకు వచ్చే సాయం ఆగిపోయింది. అలా వేరొక సంస్థ ద్వారా ఉగాండాలో ఒక పాపకు కట్టడం మొదలుపెట్టాను. ఒహాయో ఆవిడ నాకు రాసినట్టే నేనూ ఆ పాపకు రాస్తూ వచ్చాను. 2019లో మా చర్చి ట్రిప్పు వేస్తే వెళ్లాను.

కంపాలా నుంచి నాలుగు గంటల ప్రయాణం. ఎర్రమట్టి రోడ్డు, రెండు పక్కలా అరటి తోటలు. మమ్మల్ని చూడగానే పిల్లలంతా లైనుగా నిలబడి పాట అందుకున్నారు. మండే ఎండలో ఇరవై నిమిషాలు. నాకు కాళ్లు వణికాయి. ఎన్ని రోజులు ప్రాక్టీసు చేయించారని అక్కడి టీచరమ్మను అడిగితే పది రోజులంది. ఆ రాత్రే మా పాస్టరుగారికి నా హాస్టల్ సంగతి చెప్పాను. ఆయన విని, తర్వాతి ఏడాది నుంచి పాటలూ దండలూ వద్దని ముందే రాసి పంపారు.

పాప నా ముందుకొచ్చి మోకరించి దణ్ణం పెట్టింది. బుగాండా ప్రాంతంలో ఆడపిల్లలు పెద్దల్ని అలాగే పలకరిస్తారు. మీరు వెళ్లినా అదే జరుగుతుంది, కంగారుపడి లేవదీయకండి. ఇంటికి తీసుకెళ్లి బిస్కెట్ డబ్బా తెరిచింది. పాలిథిన్ కవర్లో నా ఉత్తరాలన్నీ తేదీల వరసలో ఉన్నాయి. అందులోంచి మా అమ్మ ఫొటో తీసి, వాళ్ల భాష లుగాండాలో ఏదో అడిగింది. "మీ అమ్మగారి మోకాలు తగ్గిందా అంటోంది" అన్నాడు అనువాదం చేసే అబ్బాయి. అమ్మ మోకాలి ఆపరేషన్ గురించి నేను ఏడాది కిందట ఒకే ఒక్క వాక్యం రాశాను. అక్కడే కూలబడి ఏడ్చాను సిస్టర్.

కాబట్టి నా మాట ఇది. మీరు ఇప్పటిదాకా ఆ పాపకు ఉత్తరాలు రాస్తూ ఉంటే వెళ్లండి. రాయకపోతే ఈ ఏడాది ఆగి, రాయడం మొదలుపెట్టండి. వెళ్లకపోతే పాపకు అన్యాయం చేసినట్టేమీ కాదు. స్పాన్సర్ డబ్బు వృథా పోతుందేమోనన్న దిగులు కూడా వద్దు. బ్రూస్ వైడిక్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు భారత్, ఉగాండాలతో సహా ఆరు దేశాల్లో పదివేల మందికి పైగా మనుషుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించారు. కంపాషన్ ద్వారా స్పాన్సర్‌షిప్ పొందిన పిల్లలు మిగతావాళ్లకంటే ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఎక్కువ చదివారని తేలింది.

మీవారి మాటలోనూ న్యాయముంది. 1998లో మిచ్ తుపాను తర్వాత హోండురస్‌లో ఇళ్లు కట్టడానికి అమెరికా చర్చి బృందాలు వెళ్లాయి. అక్కడివాళ్లు సుమారు 2,000 డాలర్లలో కట్టే ఇంటికి, ఈ బృందాలకు విమాన ఖర్చులతో కలిపి 30,000 దాకా అయిందని కర్ట్ వెర్ బీక్ అనే పరిశోధకుడు లెక్క తీశారు. అందుకని గోడలకు రంగులేస్తాం, గదులు కడతాం అని వెళ్లకండి. ఆ పని ఆ ఊరి మేస్త్రికి కూలి. టికెట్టుకు చందాలు అడగొద్దు. మీరు సెలవులకు దాచుకున్న డబ్బుతో వెళ్లండి, పాపకు నెలనెలా కట్టేది మాత్రం ముట్టుకోవద్దు.

ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకపోతే దేశంలోకి రానివ్వరు. మలేరియా మాత్రలు డాక్టర్ని అడిగి తీసుకోండి. బొమ్మలు, పుస్తకాలు కంపాలాలోనే కొనుక్కోవచ్చు. పాపకిచ్చేది చిన్నదిగా ఉండాలి, మిగతాది సెంటర్‌లో అందరికీ కలిపి ఇవ్వండి. స్పాన్సర్ రాని పిల్లలు గోడ పక్కన నిలబడి చూస్తుంటారు, నేనూ అలా నిలబడినవాణ్ణే. మళ్లీ వస్తానని పొరపాటున కూడా అనొద్దు. ఉత్తరం రాస్తానని చెప్పండి, నెల తిరగకుండా రాయండి.

వెళ్లేటప్పుడు మీ ఇంట్లోవాళ్ల ఫొటోలు ప్రింటు తీయించి పట్టుకెళ్లండి. ఫోన్లో చూపిస్తే పాప దగ్గర ఏమీ మిగలదు.