నీడ గడియారం పెట్టబోయే మనవడికి

బేటా,

అస్సలాము అలైకుం. మసీదు డాబా మీద నీడ గడియారం పెడతానంటున్నావని మీ అమ్మ చెప్పింది. కర్నూల్లో ఎండకు కొదవేముంది, పెట్టు. కానీ సిమెంటు కలపడానికి తొందరపడకు. ముందు ఉత్తరం ఎటో నేల మీద తేల్చు. ఫోన్‌లో కంపాస్ ఉందంటావేమో, డాబాలోని ఇనుప చువ్వలు దాన్ని పక్కకు లాగేస్తాయి.

12 అంగుళాల పుల్ల నిలబెట్టు. దారానికి రాయి కట్టి వేలాడదీసి, నిటారుగా ఉందో లేదో అన్ని వైపుల నుంచీ చూడు. పుల్ల మొదలు దగ్గర దారం పట్టుకుని 18 అంగుళాల దూరంలో గుండ్రంగా గీత గియ్యి. పొద్దున నీడ కొస ఆ గీత దాటి లోపలికొచ్చే చోట సుద్దతో చుక్క పెట్టు, మధ్యాహ్నం దాటాక బయటికి పోయే చోట ఇంకోటి. రెండు చుక్కలూ కలిపితే తూర్పు పడమర. ఆ గీత నడిమి నుంచి పుల్ల దాకా గీస్తే ఉత్తరం దక్షిణం. అరబ్బీ ఖగోళ పండితులు దీన్ని 'హిందీ వృత్తం', అంటే హిందుస్తాన్ వృత్తం అనేవాళ్లు. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లిన విద్యే. మనం శంకుస్థాపన అంటామే, ఆ శంకువు ఈ పుల్లే!

డిసెంబరు 20 ప్రాంతంలో చెయ్యి. మార్చి, సెప్టెంబరుల్లో పొద్దు రోజురోజుకూ గబగబా పక్కకు జరుగుతుంది, చుక్కలు కాస్త తప్పుతాయి. జూన్‌లో మబ్బులు.

ఇక అసర్, అదే మధ్యాహ్నం దాటాక సాయంత్రం లోపు చేసే నమాజు. నేను బోల్తా పడింది ఇక్కడే. మనం పాటించే హనఫీ సంప్రదాయం లెక్కలో, అసర్ వేళ కావాలంటే నీడ పుల్లకు రెండింతలు కావాలని విన్నాను. డిసెంబరులో నీడ 24 అంగుళాలు కాగానే వేళయిందని మా అబ్బాకు చెప్పాను. ఆయన నవ్వి, "మిట్టమధ్యాహ్నం నీడ ఏమైందిరా?" అన్నారు. అది అప్పటికే పదంగుళాలుంది. దాన్ని కలిపితే 34. అరగంట పైనే ముందు చెప్పానన్నమాట. అందుకని రోజూ మధ్యాహ్నం అతి చిన్న నీడ ఎంతో రాసిపెట్టుకో. మే మొదట్లో ఒక రోజు అది మాయమైపోతుంది, ఆ తర్వాత ఆగస్టు దాకా దక్షిణం వైపు పడుతుంది. అటు కూడా చోటు వదులు.

గంటలు చూపించాలంటే నిటారు పుల్ల చాలదు. డమాస్కస్ ఉమయ్యద్ మసీదులో నమాజు వేళలు చూసే ముఅఖ్ఖిత్‌గా పనిచేసిన ఇబ్నుల్ షాతిర్ 1371-72లో దాదాపు రెండు మీటర్ల పాలరాతి పలక మీద నీడ గడియారం చేశాడు. దాని ముల్లును భూమి అక్షానికి సమాంతరంగా వాల్చాడు, అందుకే ఏడాదంతా గంటలు సమానంగా వచ్చేవి. నువ్వూ ఒక చువ్వను ఉత్తరం వైపు 16 డిగ్రీలు లేచేలా పెట్టు. అసర్‌కు మాత్రం నిటారు పుల్లే ఉంచు.

నీడ గడియారం నీ చేతి గడియారంతో కలవలేదని టెన్షన్ పడకు. మన ఊళ్లో అసలు మధ్యాహ్నం నవంబరు మొదట్లో 12 గంటలు దాటిన ఒకటి రెండు నిమిషాలకే వస్తుంది, ఫిబ్రవరిలో 12.32 అవుతుంది. తెల్లవారుజామున చేసే ఫజర్‌కూ రాత్రి చేసే ఇషాకూ నీడ ఉండదు కదా, వాటికి డమాస్కస్‌లోనే అల్ ఖలీలీ అనే ఖగోళ పండితుడు లెక్కలు కట్టి పట్టికలు వేశాడు. నువ్వు క్యాలెండర్ చూసుకో.

ఇంకోటి. పడమర దొరికింది కదా అని ఖిబ్లా గీత, అంటే నమాజులో మక్కా వైపు తిరిగే దిక్కు గీత, అటే గీసెయ్యకు. ఇక్కడి నుంచి అది పడమరకు 15 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది.

రెండు చుక్కలూ పడిన రోజు ఫోన్ చెయ్యి. సుద్ద వానకు పోతుంది, మేకుతో గీకి ఉంచు.

మీ నానా