తెర మీద కనిపించిన ప్రతి ఖాళీ రంధ్రం కాదు

ప్రశ్న: మా చెల్లికి గుండెలో రంధ్రం ఉందని ఎకోలో, అంటే ధ్వని తరంగాలతో చేసే గుండె స్కానింగ్‌లో తేలింది. ఆ పరీక్ష చేసినావిడను చూశాక నాకూ ఆ పనే చేయాలనిపిస్తోంది. ఫిజిక్స్ ఇష్టం. ఇంట్లో మాత్రం 'మిషన్ నడపడానికి అంత చదువెందుకు, రేపు కంప్యూటరే చేసేస్తుంది' అంటున్నారు.

జవాబు: మిషన్ నడపడం కొన్ని నెలల్లో వచ్చేస్తుంది. తెర మీది బొమ్మను ఎప్పుడు నమ్మకూడదో తెలియడానికే ఏళ్లు పడుతుంది.

గుండె పైగదుల మధ్య గోడ నడిమధ్యలో చాలా పల్చగా ఉంటుంది. ప్రోబ్‌ను (ఒంటికి ఆనించి ధ్వని తరంగాలు పంపే పరికరం) గుండె కొన దగ్గర పెడితే ధ్వని తరంగాలు ఆ గోడ వెంబడే సాగిపోతాయి, తిరిగొచ్చేది తక్కువ. దాంతో గోడ ఉన్నచోట కూడా నల్లగా ఖాళీ కనిపిస్తుంది. కొత్తవాళ్లు అక్కడే ఏఎస్‌డీ, అంటే పైగదుల మధ్య రంధ్రం అని రాసేస్తారు. చెయ్యి తిరిగినవాళ్లు ప్రోబ్‌ను ఛాతీ ఎముక కిందికి, పొట్ట పైభాగానికి మారుస్తారు. అక్కణ్నుంచి తరంగాలు గోడకు దాదాపు అడ్డంగా తగులుతాయి. అప్పుడూ ఖాళీ ఉందా, రక్తం కదలికను రంగుల్లో చూపే కలర్ డాప్లర్‌లో రక్తం దాటుతోందా, కుడివైపు గదులు పెద్దవయ్యాయా అని చూసుకున్నాకే రిపోర్టు. (ఎరుపు మంచి రక్తం, నీలం చెడు రక్తం అనుకునేరు! ప్రోబ్ వైపు వచ్చేది ఎరుపు, దూరంగా పోయేది నీలం, అంతే.)

మీ ఫిజిక్స్ కింది గదుల మధ్య రంధ్రం, అంటే వీఎస్‌డీ దగ్గర బాగా అక్కరకొస్తుంది. ఆ రంధ్రంలోంచి వెళ్లే రక్తం వేగాన్ని వర్గం చేసి 4తో గుణిస్తే రెండు గదుల పీడనాల తేడా తెలుస్తుంది. సెకనుకు 5 మీటర్లంటే 100 మిల్లీమీటర్ల పాదరసం. వేగం అంత ఉంటే ఊపిరితిత్తుల వైపు పీడనం పెద్దగా పెరగలేదన్నమాట, అది మంచి కబురే. రక్తం దారికి ప్రోబ్ 60 డిగ్రీలు పక్కకు తిరిగి ఉంటే మాత్రం 5 కాస్తా 2.5గా, 100 కాస్తా 25గా వస్తుంది. అంకె చూసి డాక్టరు ఇంకేదో జబ్బు అనుకుంటారు.

కంప్యూటర్ కొలతలు తీస్తుంది, నిజమే. కానీ ఏడుస్తున్న పసివాణ్ని ఊరుకోబెడుతూ ఆ కోణం పట్టాల్సింది చెయ్యే. అన్నట్టు, 1953లో స్వీడన్‌లో ఈ పరీక్షకు నాంది పలికిన ఇద్దరిలో ఎడ్లర్ డాక్టరు, హెర్ట్జ్ ఫిజిక్స్ మనిషి.

కష్టాలూ చెప్పాలి. భుజం, మణికట్టు నొప్పులు ఈ పనిలో మామూలే. 'ఏముందమ్మా?' అని తల్లి అడిగితే, తెర మీద కనిపిస్తున్నా 'డాక్టరుగారు చెబుతారండీ' అనే అనాలి, ఎందుకంటే తుది మాట వారిది.

కోర్సులో చేరేముందు ఒక్కటి అడగండి: ప్రోబ్ మా చేతికి ఎన్నో నెలలో ఇస్తారు, అందులో పిల్లల కేసులు ఎన్ని ఉంటాయి? సూటిగా జవాబు రాకపోతే ఇంకో కాలేజీ చూసుకోండి.