అంగుళం సైనికులు: మీ ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాలన్నీ ఒకే గొడవ. బొబ్బిలి, విజయనగరం, శ్రీకాకుళం కుర్రాళ్ళు కొందరు (కుర్రాళ్ళంటే నలభై దాటినవాళ్ళు కూడా ఉన్నారులెండి) సంక్రాంతిలోపు తలా 40 సైనికుల బొమ్మలకి రంగులేసెయ్యాలని పందెం కట్టుకున్నారు. డబ్బు పందెం కాదు, ఆఖరున మిగిలినవాడు అందరికీ టిఫిన్ పెట్టించాలి, అంతే. బొమ్మలు 28 మిల్లీమీటర్లవి, అంటే అంగుళం చిల్లర, పాత యుద్ధాల్ని బల్ల మీద పాచికలేసి ఆడుకోడానికి వాడేవి. వీళ్ళు పట్టుకున్నది మన బొబ్బిలి యుద్ధమే.

ప్ర: మాస్టారూ, 40కి పేరిచ్చేశాను, నెల అయిపోయింది, మూడే అయ్యాయి. మొదటి బొమ్మకే పదకొండు రోజులు పట్టింది, అందులో నాలుగు రోజులు కళ్ళకే పోయాయి. ఒక కన్ను బాగా వస్తే రెండోది మెల్లకన్ను అయిపోతంది. ఏటి చెయ్యమంటారు?
– బ్యాంకు ఉద్యోగి, బొబ్బిలి

జ: ముందు కళ్ళు వెయ్యడం మానెయ్యండి బాబూ. ఆడేటప్పుడు బొమ్మ మీకు మూడడుగుల దూరంలో ఉంటుంది, అంత దూరం నుంచి కన్ను ఎవడికి కనిపిస్తుంది, కనుబొమల కింద నీడ కనిపిస్తుంది గానీ. ఆ నీడ వాష్‌తో దానంతటదే వచ్చేస్తుంది. వాష్ అంటే ఏం లేదు, ముదురు గోధుమ రంగుని నీళ్ళలా పల్చన చేసి బొమ్మంతా పూసేస్తే అది పల్లాల్లోకి, మడతల్లోకి దిగి ఆగిపోతుంది, ఎత్తుగా ఉన్నచోట పెద్దగా నిలవదు. మీసానికి మాత్రం ఒక నల్ల గీత గీయండి, మనవాళ్ళకి మీసం లేకపోతే బాగోదు.

రెండోది, ఒక్కో బొమ్మ పట్టుకుని పూర్తి చెయ్యకండి. డ్రింకు సీసా మూతలు ఎనిమిది తెచ్చి, డబుల్ టేపుతో ఎనిమిది బొమ్మల్ని వాటిమీద నిలబెట్టి, ఎనిమిదింటికీ ఒంటిరంగు, తర్వాత ఎనిమిదింటికీ పంచెలు, తర్వాత తలపాగాలు, అలా వెళ్ళిపోండి. ఎనిమిదోది అయ్యేసరికి మొదటిది ఆరిపోయి ఉంటుంది కాబట్టి ఖాళీగా కూర్చునే పనే లేదు. రోజుకో గంట కూర్చుంటే ఎనిమిది రోజులకి ఎనిమిది బొమ్మలు తేలిగ్గా అవుతాయి, మీకింకా 37 ఉన్నాయి, అంటే ఐదు విడతలు, లెక్క మీరే వేసుకోండి, బ్యాంకాయన కదా.

ఒంటిరంగుకి ఫ్లెష్ అని రాసున్న ట్యూబు కొనకండి, అది దొరలకి. బర్న్ట్ సియెన్నాలో కాస్త ఎల్లో ఓకర్ కలిపితే మన ఎండలో తిరిగిన మనిషి రంగు వచ్చేస్తుంది. బ్రష్షు కూడా 000 వద్దు, ముక్కు సన్నగా ఉన్న 1 నంబరు తీసుకోండి. మరీ సన్న బ్రష్షుకి రంగు కొంచెమే ఆగుతుంది, మనూరి వేడికి అది బొమ్మ దాకా వెళ్ళేలోపే ఆరిపోతుంది.

ప్ర: పంచెలన్నీ సున్నం కొట్టినట్టు వస్తున్నాయండీ. మూడు పూతలు వేశాను, ఇంకా దారుణంగా ఉంది. మా తోడికోడలు చూసి, వీళ్ళు యుద్ధానికెళ్తున్నారా గోడలకి వెల్ల వెయ్యడానికెళ్తున్నారా అంది.
– ఒక గృహిణి, శ్రీకాకుళం

జ: మీ తోడికోడలు మాటకి చాలాసేపు నవ్వుకున్నానమ్మా. తప్పు మీ చేతిది కాదు, తెలుపుతో మొదలెట్టడమే తప్పు. మీకు పొందూరు ఎంతో దూరం కాదు కదా, ఒక పొందూరు ఖద్దరు పంచె తీసుకుని కిటికీ దగ్గర పరిచి చూడండి, అందులో అచ్చ తెలుపు ఎక్కడుంది? మీగడ రంగు ఉంది, మడతల్లో బూడిదా గోధుమా కలిసిన నీడ ఉంది, వెలుతురు తగిలిన అంచు మీద మాత్రం తెలుపు ఉంది. బొమ్మకీ అంతే. ముందు లేత బూడిద గోధుమ, దాని మీద పల్లాలు వదిలేసి మీగడ రంగు, ఆఖరున మడతల అంచుల మీద మాత్రం సన్నగా తెలుపు. తెల్ల రంగు చిక్కగా ఉంటుంది, ఒక్కసారే దట్టంగా పూస్తే సున్నమే అవుతుంది, నీళ్ళు కలిపి రెండు పల్చటి పూతలెయ్యండి.

రంగు గట్టిపడిపోకుండా ఒక చిట్కా: మూతున్న స్వీటు డబ్బాలో తడి స్పాంజి పరిచి, పైన బటర్ పేపరేసి, దాని మీద రంగు కలుపుకోండి. మూత పెట్టేస్తే మర్నాటికి కూడా పనికొస్తుంది.

ప్ర: మా గ్రూపులో విజయనగరం సేనకి రంగులెయ్యడానికి ఎవడూ ముందుకు రావట్లేదు సార్. అందరికీ తాండ్ర పాపారాయుడే కావాలట. చీటీ వేస్తే నాకొచ్చింది. మాది విజయనగరం అని నన్ను ఏడిపిస్తున్నారు కూడా.
– కాలేజీ కుర్రాడు, విజయనగరం కంటోన్మెంట్

జ: నువ్వే అదృష్టవంతుడివి తమ్ముడూ, వాళ్ళకి తెలీట్లేదు. బొబ్బిలి బొమ్మలు ఒక్క యుద్ధానికే పనికొస్తాయి, నీవి మూడింటికి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీదకి విజయరామరాజు సేన బుస్సీతో, అంటే ఫ్రెంచివాళ్ళతో కలిసి వెళ్ళింది. కొద్దిరోజులకే పాపారాయుడు రాజుగారిని డేరాలోనే చంపేశాడు, ఆ తర్వాత వచ్చిన ఆనందరాజు ఫ్రెంచివాళ్ళని వదిలేసి ఇంగ్లీషువాళ్ళని పిలిచాడు, బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్ వచ్చాడు, 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు. మళ్ళీ 1794 జులై 10న పద్మనాభంలో చినవిజయరామరాజు అదే ఇంగ్లీషు కంపెనీ సేన మీద పోరాడి ప్రాణం వదిలాడు. అవే పంచెలు, అవే తలపాగాలు, రెండుసార్లు పార్టీ మారతాయి (మనకి అలవాటైన విషయమే). అందుకని జెండాని బొమ్మ చేతికి అతికించెయ్యకు, గుండుసూదికి అతికించి చేతిలో చిన్న కన్నం పెట్టి గుచ్చు, ఏ ఆటకి ఆ జెండా.

చందుర్తి ఆడేటట్టయితే రంగుల విషయంలో ఒక తమాషా ఉంది. ఫోర్డ్ తెచ్చిన బెంగాల్ సిపాయిలు ఎర్రకోట్లలో ఉన్నారు. ఇంగ్లీషు దొరల దళమేమో ఏపుగా పెరిగిన చేను చాటున పడి కనిపించలేదు. ఎర్రకోట్లని చూసి వీళ్ళే దొరలనుకుని ఫ్రెంచివాళ్ళు బలమంతా సిపాయిల మీద పెట్టేశారు, ఈలోపు అసలు దొరలు చేనులోంచి వచ్చి పక్కనుంచి కొట్టారు. కోటు రంగే యుద్ధాన్ని తిప్పేసింది. కాబట్టి ఫోర్డ్ వైపు బొమ్మలు వేసేవాడికి గట్టిగా చెప్పు, సిపాయి ఎరుపూ దొర ఎరుపూ ఒకే సీసాలోంచి రావాలి, దూరం నుంచి తేడా తెలిస్తే ఆ యుద్ధానికి అర్థమే లేదు.

ఇంకోమాట, ఇది అడక్కపోయినా చెప్తున్నాను. బొబ్బిలి ఆట కోట గోడ దగ్గర ఆపెయ్యండి. లోపల ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆ రోజు ఏమైందో మనకి చిన్నప్పటినుంచీ బుర్రకథల్లో విన్నదే, దానికి పాచికలెయ్యడం నాకైతే నచ్చదు.

ప్ర: చవగ్గా దొరికాయని మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలు కొన్నాను. రంగు వేసిన వారానికి తుపాకుల మీద పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతంది.
– నరసన్నపేట

జ: అది వంగే ప్లాస్టిక్, 1/72 బొమ్మలు (అంటే అసలు మనిషిలో డెబ్బై రెండో వంతు) చాలావాటికి ఇదే గోల. బొమ్మ వంగుతుంది, రంగు వంగదు. అచ్చులోంచి వచ్చిన జిడ్డు కూడా ఉంటుంది, ముందు గిన్నెలు తోమే సబ్బు, పాత టూత్‌బ్రష్షు పెట్టి కడిగి ఆరబెట్టండి. తర్వాత నీళ్ళు కలిపిన ఫెవికాల్ ఒక పూత వేసి, అది ఆరాక రంగులు, రంగుల మీద మళ్ళీ వార్నిష్. అప్పటికీ తుపాకీ పట్టుకుని ఎత్తితే ఊడుతుంది, కింద బేస్ పట్టుకోండి. 28 మిల్లీమీటర్ల లోహపు బొమ్మలతో కలిపి నిలబెట్టకండి, 1/72 మనిషి 24 మిల్లీమీటర్లే ఉంటాడు, 28 వాడి పక్కన పిల్లాడిలా కనిపిస్తాడు.

ప్ర: అంతా అయ్యాక స్ప్రే వార్నిష్ కొడితే బొమ్మలన్నీ బూడిద జల్లినట్టు తెల్లగా అయిపోయాయి. ఇరవై బొమ్మలు మాస్టారూ. ఏడుపొక్కటే తక్కువ.
– చీపురుపల్లి

జ: వర్షం పడుతున్నప్పుడు కొట్టుంటారు. నేనూ ఒకసారి తుఫాను ముందురోజు మేడ మీద కొట్టి పన్నెండు గుర్రాల్ని ఇలాగే చేసుకున్నాను, గాలిలో తేమ పూతలో ఇరుక్కుపోతుంది. పారెయ్యకండి. బాగా పొడిగా ఉన్న రోజు చూసి మెరిసే గ్లాసీ వార్నిష్ బ్రష్షుతో ఒక పూత వెయ్యండి, చాలావరకు తెలుపు పోయి రంగు మళ్ళీ పైకొస్తుంది. మెరుపు నచ్చకపోతే దాని మీద మ్యాట్ వార్నిష్, అదీ బ్రష్షుతోనే. మన తీరప్రాంతంలో వానల రోజుల్లో స్ప్రే డబ్బా జోలికి వెళ్ళకపోవడమే మేలు.

ప్ర: బేసుల మీద మట్టి ఎలా వెయ్యాలి? వాడేసిన టీపొడి పనికొస్తుందంటున్నారు, నిజమేనా?
– రాజాం

జ: నిజమే, కానీ రెండు రోజులు గట్టి ఎండలో పెట్టండి, తడి ఉంటే బూజు పడుతుంది. నాగావళి ఇసక టీ వడకట్టే జల్లెడలో జల్లించి ఫెవికాల్ మీద చల్లి, ఎర్రమట్టి రంగు వేసి, టీపొడి అక్కడక్కడా. యాలకులు వేసిన టీ అయితే తొక్కలు ఏరెయ్యండి, 28 మిల్లీమీటర్ల మనిషి పక్కన అవి పడవల్లా కనిపిస్తాయి.