హత్య సీన్‌లో నవ్వొస్తే తప్పా?

ఫార్గో (1996) సినిమా చూస్తూ హత్యల దగ్గర నవ్వొచ్చింది, కిడ్నాపైన గృహిణి జీన్ చనిపోయినప్పుడు మాత్రం బాధేసింది, నాలో ఏదైనా తేడా ఉందా అని అడిగారు. టెన్షన్ పడకండి. మీరు నవ్వింది చావుకి కాదండి, జీన్‌ని ఎత్తుకెళ్ళిన ఆ ఇద్దరు దొంగల కక్కుర్తికి. వాళ్ళలో కార్ల్‌నే చూడండి. పార్కింగ్‌కి 4 డాలర్లు కట్టమంటే గొడవకి దిగుతాడు. తర్వాత జీన్‌ని వదలడానికి ఇచ్చిన 10 లక్షల డాలర్లు చేతికొస్తే, 80 వేలు పక్కకు తీసి మిగతాది తోటి దొంగకి చెప్పకుండా మంచులో పాతేస్తాడు. అంత కొట్టేసినవాడు, కిడ్నాప్ పనికి ఇద్దరికీ కలిపి ఇచ్చిన కారు వదిలేసి పోవచ్చు కదా! దానిలో వాటా కోసం వాదించి గొడ్డలి దెబ్బ తింటాడు. జీన్ అలా కాదు, ఏ పాపం తెలియని మనిషి. ఆమె చావుని సినిమా తీసిన కోయెన్ సోదరులు తెరమీద చూపించను కూడా లేదు. అక్కడ మీకు బాధేసిందంటే సినిమా మీకు సరిగ్గానే ఎక్కింది.